మూడు వేలమంది, మేకలు వేరే

మొన్న రాజాంలో ఒక కాలేజీవాళ్లు నన్ను వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. నన్నే ఎందుకు పిలిచారో నాకు తెలుసు. ముందు పిలిచినాయనకి నడుం పట్టేసింది. శాలువా మాత్రం ఆయన కొలతకే కొన్నట్టున్నారు, నా మీద కప్పితే మోకాళ్ల దాకా వచ్చింది. మూడో కుర్రాడు లేచాడు. పచ్చ చొక్కా, మంచి గొంతు, చెయ్యి ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో ఎవరో శ్రద్ధగా నేర్పారు. "ఆనాడు ఈ గడ్డ మీద వేలాదిమంది రైతులు కడలిలా కదిలి..." అన్నాడు. వక్త మాట్లాడుతున్నంతసేపూ న్యాయనిర్ణేత నోరెత్తకూడదు. నేను మైకు లాక్కుని "ఎంతమంది, బాబూ?" అన్నాను. కుర్రాడు ఆగిపోయాడు. హాలంతా ఆగిపోయింది. పక్కనున్న ప్రిన్సిపాలు గారు నా చెవి దగ్గరికి వంగి, "మంచినీళ్లు తాగుతారా సార్" అన్నారు. తాగాను. డెబ్బై దాటినవాడు ఏం చేసినా లోకం మంచినీళ్లతో సరిపెడుతుంది.

ఆ ప్రశ్న మొదట నన్ను అడిగినాయన మా తాతయ్య. అడిగిన చోటు బస్సు. అప్పటికి నాకు ఇరవయ్యేళ్లు. నేను రాసిన వార్త మూలంగా మా మావ పోలీసు స్టేషన్లో ఉన్నాడు. కథ అక్కడి దాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఇంట్లో పప్పు అడిగే పద్ధతి చెప్పాలి.

తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, విజయనగరంలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. కాలేజీ చదువుకని నేను ఆయనింట్లోనే ఉండేవాణ్ణి. ఆ ఇల్లు తలుచుకుంటే ముందు నశ్యం వాసన వస్తుంది, తరవాత రుబ్బిన ఆవపిండి ఘాటు, ఆ రెంటి వెనక పుస్తకాల బీరువాలో ఎండిన వేపాకు. తెల్లవారుతూనే ఆయన పెరట్లో పళ్లు తోముకుంటూ అలంకారాల లక్షణాలు వల్లించేవారు. నోట్లో వేపపుల్ల ఉండగా ఉత్ప్రేక్ష అనడం ఎంత కష్టమో ఎవరికి వాళ్లు ప్రయత్నించి చూసుకోవాల్సిందే. భోజనాల దగ్గర ఆయన పెట్టిన నియమం ఒకటి ఉండేది. రెండోసారి ఏది కావాలన్నా ఊరికే అడగకూడదు, అలంకారంలో పెట్టి అడగాలి. "అమ్మమ్మా, వానలేని గెడ్డలా ఎండిపోయింది నా విస్తరి, పప్పు పారించు" అంటే ఎండిన వాగుతో ఉపమ కుదిరినట్టు, తాతయ్య తలూపేవారు, పప్పు పడేది. కుదరకపోతే మజ్జిగే గతి. అమ్మమ్మకి ఈ వ్యవహారం బొత్తిగా కిట్టేది కాదు. గరిటె పట్టుకుని నిలబడి, "పప్పు కావాలంటే పప్పని సెప్పు. గెడ్డ లేదు, గట్టు లేదు. సల్లారిపోతన్నాది" అనేది. ఆవిడ ఒక్కర్తే ఆ ఇంట్లో ఏ అలంకారమూ లేకుండా కడుపు నింపుకునేది, అదీ అందరం లేచాక.

సాయంత్రమైతే అరుగు మీద ఉపన్యాసకులు చేరేవారు. కౌన్సిలర్లు, సంఘాల కార్యదర్శులు, సన్మానసభల్లో నాలుగు మాటలు మాట్లాడాల్సొచ్చిన షావుకార్లు. కంసాలి దగ్గరికి తెగిన గొలుసు తెచ్చినట్టు వాళ్లు తమ ప్రసంగం కాగితాలు తెచ్చి తాతయ్య ముందు పెట్టేవారు. ఆయన నశ్యం పీల్చి, ఇక్కడో రూపకం, అక్కడో దృష్టాంతం పొదిగి ఇచ్చేవారు. "చెవికి కమ్మ ఉండాలి. కమ్మ బరువుకి చెవి తెగకూడదు" అని ప్రతివాడికీ చెప్పేవారు. నేను పక్కన కూర్చుని శుద్ధప్రతులు రాసేవాణ్ణి. కమ్మల మాట బాగా వంటబట్టింది. చెవి మాట వినలేదు.

తాతయ్యకి నేనంటే ఎంత గర్వమో, సొంత కొడుకంటే అంత దిగులు. ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా అప్పన్న మావ, పదో తరగతిలో తాతయ్యే దిద్దే తెలుగు పరీక్షలో అతిశయోక్తికి ఉదాహరణ రాయమంటే "మా ఊళ్లో ఎద్దులు బాగుంటాయి" అని రాసి వచ్చినవాడు. తాతయ్య అది ఎక్కడ చెప్పాల్సొచ్చినా తల దించుకునేవారు. మావ చదువు మానేసి రాజాం అవతల సొంతూరికి పోయి, ఉన్న భూమి దున్నుకుంటూ హాయిగా ఉండేవాడు. నెలకోసారి బియ్యం బస్తాతో విజయనగరం వచ్చి, వాళ్ల నాన్న ఎదురుగా కూర్చుని, మాట్లాడాల్సిన పని లేకుండా రెండు గంటలు ఉండి వెళ్లేవాడు. భోజనాల దగ్గర ఏమీ రెండోసారి అడిగేవాడు కాదు.

ఆ రోజులు మామూలు రోజులు కావు. కొండల వైపు ఏదో జరుగుతోందని అందరికీ తెలుసు, ఏం జరుగుతోందో ఎవరూ పైకి అనేవారు కాదు. పోలీసు క్యాంపులు దిగాయి. బస్సులో పక్కన కూర్చున్నవాడు "ఏవూరు?" అంటే, సొంతూరు కాక ఇంకో ఊరు చెప్పే అలవాటు పెద్దమనుషులకి కూడా వచ్చేసింది. సాయంత్రం జీపు చప్పుడైతే అరుగు మీద ఉపమాలంకారం మధ్యలో ఆగి, జీపు సందు దాటాక మిగతా సగం పూర్తయ్యేది. స్టేషన్‌కి తీసుకెళ్లినవాళ్లు కొందరు మర్నాడు వచ్చేవారు, కొందరు నెలకి వచ్చేవారు, కొందరి గురించి ఇంట్లోవాళ్లే మనల్ని అడిగేవారు. నేను భయస్తుణ్ణి. పిరికివాడికి హాస్యం గొడుగులాంటిది, వాన ఆగదు కాని చేతిలో ఏదో ఉన్నట్టుంటుంది. అలాంటి రోజుల్లో నేను విలేఖరినయ్యాను.

ఊళ్లో పరమేశం గారని ఒకాయనకి కాలితో తొక్కే ప్రెస్సుండేది. పెళ్లిళ్లున్న నెలల్లో శుభలేఖలు వేసేవారు, మూఢం వస్తే వారపత్రిక వేసేవారు. "వార్త తే, నాయనా. చప్పగా ఉండకూడదు. మా కంపోజిటరు చప్పటి వార్త పేరుస్తూ నిద్రపోతాడు" అన్నారు. నాకు తెలిసిన వార్త ఒక్కటే. మా మావ ఊరి చెరువు మదుం, అంటే నీళ్లొదిలే తూము, దాని చెక్కతలుపు పుచ్చిపోయింది. నీళ్లు ఆగడం లేదు. తాసీల్దారుకి అర్జీ పెడదామని రైతులు మీటింగు పెట్టుకున్నారు, మావని మాట్లాడమన్నారు. నేను మూడు రోజులు కూర్చుని మావకి ఉపన్యాసం రాసిపెట్టాను. ఆరు పేజీలు. అందులో మదుం తలుపు రెండుసార్లు వచ్చిందనుకుంటాను.

మీటింగు రోజు మావ కాగితాలు తిరగేసి చూసి, "అల్లుడూ, ఇందల సింహం అని ఉన్నాది, ఎవులు?" అన్నాడు.

"మీరే మావా. రైతు సింహం."

"నానా? నాను కోడి కూత్తే నెగుస్తానురా."

అయినా నన్ను బాధపెట్టడం ఇష్టం లేక లేచి చదవడం మొదలెట్టాడు. "ఓ రైతు సింహమా, నీ గర్జనతో గగనం దద్దరిల్లనీ" అనేసరికి గట్టు మీద మేకలమంద ఒకటి అందుకుంది. జనం పడీ పడీ నవ్వారు. మావ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నవ్వకండి, మా అల్లుడు కష్టపడి రాసినాడు. సూడండి, మదుం తలుపు పుచ్చిపోనాది. నీళ్లు ఆగట్నేదు. ఇదిగో అర్జీ. సంతకం వొచ్చినోలు సంతకం, రానోలు ఏలుముద్ర" అన్నాడు. మీటింగు ముగిసింది. వచ్చినవాళ్లు పందొమ్మిది మంది. పందొమ్మిది మందీ అర్జీ మీద వేళ్లు వేసి, వేళ్లకంటిన సిరా పంచెలకి తుడుచుకుని పొలాలకి పోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆరు పేజీల సాహిత్యం మేకల పాలైంది. అంచేత పరమేశం గారికి వార్త రాసిచ్చినప్పుడు, మావ చేసిన ప్రసంగం కాక చెయ్యాల్సిన ప్రసంగం రాశాను. మూడు వేలమంది జనసముద్రం చెరువుగట్టున పోటెత్తిందన్నాను. అప్పన్న అనే రైతునాయకుడి నోట వెలువడిన ప్రతి పలుకూ ఒక నిప్పుకణిక అన్నాను. ఊరు రగిలిందన్నాను. కంపోజిటరు నిద్రపోలేదు. తాతయ్య ఆ పత్రిక చేతికొచ్చిన రోజు అరుగు మీద రెండుసార్లు చదివి వినిపించి, కళ్లద్దాలు తుడుచుకుని, "చూశావుటే, మన అప్పన్న మాట్లాడాడు" అని అమ్మమ్మతో అన్నారు. నిప్పుకణికలు కొడుకువని ఆయన నమ్మారు. నేను కాదనలేదు. ఆ క్షణంలో నా నోరు మూయించింది భయం కాదు, సిగ్గు కూడా కాదు. ఆయన మొహంలో వెలుగు బాగుంది, అంతే.

నాలుగో రోజు పొద్దున్న, అమ్మమ్మ పెనం మీద అట్టు తిరగేస్తుండగా మావ పక్కింటి రైతు చెప్పుల్లేకుండా వచ్చాడు. "బాబూ, అప్పన్నని నిన్న జీపులో ఎట్టుకుపోనారు. పేపరు సూపించి మరీ ఎట్టుకుపోనారు. మిగతా మూడు వేలమంది ఎవులని అడుగుతన్నారంట" అన్నాడు. అట్టు మాడింది. అమ్మమ్మ పెనం దింపలేదు, ఏడవలేదు, నా వైపు చూసింది. అలంకారాలు తెలియనివాళ్ల చూపు తిన్నగా వచ్చి తగులుతుంది.

బస్సులో తాతయ్య కిటికీ పక్కన, నేను ఇటు. ఆయన నశ్యం డబ్బా చేతిలో ఉంది, మూత తియ్యలేదు. రోడ్డు మీద ఖాకీ రంగు కనిపించినప్పుడల్లా నేను సీట్లో కిందికి జారేవాణ్ణి. ఒకటి పోస్టుమాన్‌ది, ఒకటి గోనెపట్టా. ఆయన నా వైపు తిరక్కుండానే అడిగారు.

"ఎంతమంది వచ్చార్రా?"

"మూడు వేలంటే, అది అలంకారం తాతయ్యా."

"అలంకారం తీసేస్తే?"

"పందొమ్మిది."

"మేకలతో కలిపా?"

మేకల సంగతి ఆ పక్కింటి రైతు చెప్పేసినట్టున్నాడు. "మేకలు వేరే" అన్నాను. ఇంకో రోజైతే ఇద్దరం నవ్వేవాళ్లం. "నిప్పుకణికలు?" అన్నారు. "అవీ నావే" అన్నాను. ఆయన అడగడం మానేశారు. ఆ మిగిలిన దారంతా నేను భయపడింది పోలీసులకో, తాతయ్యకో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

స్టేషన్లో ఎస్సై గారి బల్ల మీద మా పత్రిక ఉంది. ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టి ఉంది. నా రచన అంత శ్రద్ధగా చదివినవాళ్లు అంతకుముందు లేరు, ఆ తరవాత కూడా లేరు. ఊచల వెనక మావ గోడకి చేరబడి కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. కుడి అరచెయ్యి వాచి, వేళ్లు దూరదూరంగా ఉన్నాయి. నాగలి పట్టే చెయ్యి. నా జోకులు పోయాయి.

"సారూ, వొచ్చింది పందొమ్మిది మంది. వార్త రాసింది నేనే. మూడు వేలని ఊరికే రాశాను" అని ఎలాగో అన్నాను.

ఎస్సై గారికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "నిన్నట్నుంచి నీ మావా ఇదే చెప్తున్నాడు. పందొమ్మిదట. ఇద్దరూ ఒకే అంకె బట్టీ పట్టారు" అన్నారు. "అచ్చులో పడ్డది అబద్ధమా, నీ నోట్లోది అబద్ధమా? మావ కోసం ఎవడైనా అబద్ధమాడతాడు. పేపర్లో ఎవడి కోసం ఆడతాడు?"

ఊచల వెనక మావ నిన్నట్నుంచీ నిజం చెబుతూ దెబ్బలు తిన్నాడు, నిజం చప్పగా ఉంది కాబట్టి. "సారూ, అది అతిశయోక్తి. అలంకారం. మా తాతయ్య తెలుగు పండితులు, కావాలంటే అడగండి" అన్నాను. రోగికి వైద్యుడున్నట్టు నాకు తాతయ్య ఉన్నారని ధైర్యం. ఆయన లక్షణం చెబుతారు, ఉదాహరణలిస్తారు, మా ముగ్గుర్నీ శాస్త్రం ఒడ్డున పడేస్తుంది అనుకున్నాను.

ఎస్సై గారు తాతయ్యకి కుర్చీ చూపించారు. తాతయ్య కూర్చోలేదు. పత్రిక చేతిలోకి తీసుకుని, ఎర్రగీతలున్నచోట్ల ఆగుతూ, మొదట్నుంచి చివరిదాకా చదివారు. అరుగు మీద చదివినట్టు కాదు, పరీక్ష పేపరు దిద్దినట్టు.

"అయ్యా, మేడలు ఆకాశాన్ని తాకుతున్నాయంటే అతిశయోక్తి" అన్నారు. "ఎందుకంటే వినేవాడు నిచ్చెన వేసుకుని చూడ్డానికి పోడు. చెప్పేవాడికీ వినేవాడికీ అది అలా లేదని తెలుసు. అక్కడే అందం. వీడు మూడు వేలమంది అన్నాడు. మూడు వేలమంది ఎక్కడైనా రావచ్చు. మీరు నమ్మారు, నేనూ నమ్మాను. నమ్మదగినదాన్ని, అది లేకపోయినా, ఉందని చెబితే దానికి శాస్త్రంలో చోటు లేదు. అది అలంకారం కాదు. అబద్ధం."

నా వైపు చూడలేదు. నేను ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతి మాటా ఆయన అక్కడ నిలబడి వెనక్కి తీసుకున్నట్టనిపించింది.

"అబద్ధమైతే కేసు మీ మనవడి మీద పెట్టాలి పండితులు గారూ" అన్నారు ఎస్సై గారు.

తాతయ్య నశ్యం డబ్బా ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నారు.

"పెట్టండి" అన్నారు. "వాడు చెప్పిందే నిజం." ఊచల వైపు చెయ్యి చూపించారు. "వాడికి చిన్నప్పట్నుంచీ ఎక్కువ చేసి చెప్పడం రాదు. మార్కులు నేనే తీసేశాను."

మావ నేల చూపులు చూస్తూ, "నాన్నా, కూకో. కుర్సీ ఉన్నాది" అన్నాడు.

ఎస్సై గారు పెన్సిలు పక్కన పెట్టారు. తరవాత మావని విడిచిపెట్టమని చెప్పి, నన్ను కూర్చోబెట్టి, జరిగింది వాంగ్మూలం రాయమన్నారు. కలం పట్టుకున్నాను. "అపరాధభారంతో కుంగిన నా హృదయం" అని మొదలైంది. స్టేషన్ రైటరు, బట్టతలాయన, భుజం మీంచి చూసి, "హృదయం కొట్టెయ్. ఎవరు, ఎక్కడ, ఎంతమంది" అన్నాడు. రెండోసారి రాశాను, "అజ్ఞానాంధకారంలో" అని వచ్చింది. అదీ కొట్టించాడు. చేతికి ఇంకో దారి తెలియదు, ఏం చెయ్యను. నాలుగో కాగితం మీద రాశాను: నేను వార్తలో అబద్ధం రాశాను. మీటింగుకి పందొమ్మిది మంది వచ్చారు. మదుం తలుపు పుచ్చిపోయింది. నా జన్మలో రాసిన మొదటి మూడు వాక్యాలు అవే అని ఇప్పటికీ అనుకుంటాను. సంతకం పెట్టించుకుని, మళ్లీ పిలిస్తే రావాలని చెప్పి, పొద్దువాలేసరికి పంపేశారు. పిలుస్తారేమోనని మూడేళ్లు ఎదురుచూశాను. పిలవలేదు. జీపు చప్పుడుకి మాత్రం ఇప్పటికీ మాట మధ్యలో ఆగుతాను.

బయట మావ టీ బడ్డీ దగ్గర ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని ఉన్నాడు. చెయ్యి ఏమైంది మావా అంటే, "తలుపుల పడ్డాది" అన్నాడు. ఏ తలుపని నేను అడగలేదు. ఎప్పుడూ ఏదీ ఎక్కువ చేసి చెప్పనివాడు ఆ ఒక్కటీ తక్కువ చేసి చెప్పాడు. అది ఏ అలంకారమో తాతయ్యకి తెలిసే ఉంటుంది, ఆయనా అడగలేదు. మరుసటి వారం పరమేశం గారు చివరి పేజీలో అడుగున "గతవారం వార్తలో మూడు వేలు అన్నచోట పందొమ్మిది అని చదువుకోగలరు" అని వేశారు. ఎవరైనా చదువుకున్నారో లేదో తెలియదు. స్టేషన్ నుంచి ఇంటికి చేరిన రాత్రి భోజనాల దగ్గర అమ్మమ్మ గరిటెతో నిలబడితే తాతయ్య విస్తట్లోకి చూస్తూ, "పప్పు వెయ్యి" అన్నారు. ఆవిడ వేసింది. ఆ ఇంట్లో ఇంకెప్పుడూ ఎవరూ గెడ్డలా ఎండిపోలేదు. అరుగు మీదికి ప్రసంగాలు తెచ్చేవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. ఆయన అలంకారాలు పెట్టడం మానలేదు, కాని అంకె కనబడితే చాలు, "ఇది ఎవరు చూసొచ్చారు?" అని అడిగేవారు. కొందరు మానేశారు.

ఇప్పుడు టీవీ పెడితే ఏ సభకైనా లక్షలే. సముద్రాలు రోజూ పోటెత్తుతాయి, ఊళ్లు రోజూ రగులుతాయి, ఎవరూ ఎర్ర పెన్సిలు పట్టుకోరు. ఎందుకు పట్టుకోరని ఆలోచిస్తే, ఎవరూ నమ్మడం లేదు కాబట్టి ఇవన్నీ మళ్లీ అతిశయోక్తులైపోయాయేమో అనిపిస్తుంది. శాస్త్రం ప్రకారం మంచిదే. కాని పందొమ్మిది మంది వచ్చి నిజంగా మదుం తలుపు గురించి మాట్లాడితే, దాన్ని కూడా ఎవరూ నమ్మరు. నాకు భయం అక్కడ. పచ్చచొక్కా కుర్రాడికి రెండో బహుమతి ఇచ్చాం. మొదటిది నేను ఇవ్వనివ్వలేదని అతనికి తెలిసే ఉంటుంది. దిగొస్తూ నా దగ్గరికి వచ్చి, "సార్, నిజంగా ఎంతమంది?" అన్నాడు. తెలియదన్నాను. తెలుసుకుంటానన్నాడు. ఆ మాటకి బహుమతి ఇవ్వడానికి వాళ్ల దగ్గర కప్పు మిగల్లేదు.

తాతయ్య పోయినప్పుడు పత్రికకి మరణవార్త నాలుగు వాక్యాల్లో నన్నే రాయమన్నారు పరమేశం గారు. "సాహితీలోకం కన్నీటి సంద్రం" అని వెయ్యాలని ఆయనకి ఉబలాటం. నేను పేరు రాశాను, వయసు రాశాను, చేసిన పని రాశాను. అంత్యక్రియలకి నలభై ఒక్కమంది వచ్చారని రాశాను. శ్మశానం గట్టు మీద నిలబడి, కళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్కర్నే వేలు పెట్టి లెక్కించాను. అచ్చయ్యాక మావకి చూపించాను. మావ పత్రిక కంటికి దగ్గరగా పెట్టుకుని, వంకరపోయిన కుడి చేతి వేలితో అక్షరం అక్షరం తడుముకుంటూ చదివాడు. చివరిదాకా చదివి మడిచి నా చేతికిచ్చాడు.

"నలభై రెండు, అల్లుడూ" అన్నాడు. "నిన్ను నువ్వు నెక్కెట్టుకోనేదు."